మజ్జిగ డ్రమ్ముకు కారని కుళాయి: అసలు పని బుష్‌ది

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున 32 కిలోమీటర్ల దారి పొడవునా మజ్జిగ, నిమ్మరసం, మంచినీళ్ల డ్రమ్ములు వెలుస్తాయి. అడివివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎక్కడ ఆగినా పందిరి కింద డ్రమ్ము, డ్రమ్ముకో కుళాయి, ఆ కుళాయి కింద ఒక బకెట్టు కనిపిస్తాయి. ఆ బకెట్టు ఉన్నది కారే చుక్కలు పట్టడానికే. సుమారు 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. సెకనుకో చుక్క చొప్పున కారితే రోజుకు 4.3 లీటర్లు నేలపాలు. పోయిన మజ్జిగ సంగతి అలా ఉంచండి. దాని వెంట బురద, ఈగలు వస్తాయి, కుళాయి మెడ దగ్గర పులిసిన జిడ్డు పేరుకుంటుంది.

లీకు కనపడగానే చేతికి దొరికిన మందు వేస్తారు. కుళాయి మారుస్తారు, తెల్ల టేపు మరో పది చుట్లు చుడతారు, పానాతో ఇంకాస్త బిగిస్తారు, చివరికి ఎపాక్సీ ముద్ద పూస్తారు. రెండు రోజులు ఆగి మళ్లీ కారుతుంది. చాలాసార్లు కుళాయిలో ఏ లోపమూ ఉండదు. దాన్ని డ్రమ్ము గోడకు కలిపే మరల గొట్టం ముక్క, అంటే బుష్ దగ్గరే తేడా ఉంటుంది.

ద్రవం బయటికి రావడానికి దారులు నాలుగు: గోడకూ బుష్‌కూ మధ్య, బుష్‌కూ కుళాయి కాండానికీ మధ్య, కుళాయి లోపలి సీటు (మూసినప్పుడు ద్రవాన్ని ఆపే చోటు) గుండా, పిడి తిరిగే కడ్డీ పక్కనుంచి. ఏ దారిన వచ్చినా నీరు పల్లానికే పోతుంది కాబట్టి చుక్క మాత్రం కుళాయి మూతి దగ్గరే వేలాడుతుంది. నింద కుళాయి మీద పడేది అందుకే.

గోళీ సోడా చెప్పే సూత్రం

బీచ్ రోడ్డు మీద గోళీ సోడా కొట్టించుకునేటప్పుడు సీసా మెడలోకి ఒకసారి తొంగి చూడండి. మెడ లోపల ఒక రబ్బరు రింగు, దాని కింద గోళీ. గోళీని పట్టి ఉంచే బిరడా గానీ మర గానీ లేవు. సీసాలోని గ్యాసే గోళీని పైకి నెట్టి రింగుకు అదిమి పెడుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ మూత ఇంకా బిగుస్తుంది. 1872లో హైరమ్ కాడ్ పేటెంటు పొందిన ఈ ఏర్పాటు ఇంకా మన వీధుల్లో పనిచేస్తోందంటే కారణం అదే: బయటికి రావాలనుకునే శక్తిచేతే తలుపు మూయించారు.

డ్రమ్ము బుష్‌కూ ఇదే వర్తిస్తుంది. ఫ్లాంజి (బుష్ కొసన ఉండే వెడల్పాటి అంచు), రబ్బరు వాషరు గోడకు లోపలివైపు ఉండాలి. నట్టు బయట ఉండాలి. అప్పుడు ద్రవం ఫ్లాంజిని గోడ వైపే నెడుతుంది. 200 లీటర్ల డ్రమ్ములో మట్టం 80 సెంటీమీటర్లు ఉంటే అడుగున ఒత్తిడి 0.08 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). 40 మి.మీ. ఫ్లాంజి మీద అది ఒక కిలో బరువంత, నిజానికి చిన్న సాయమే. అదే ఏర్పాటు 2 బార్ల సోడా పీపాలో ఉంటే 25 కిలోల సాయం. వాషరు బయట పెట్టి ఫ్లాంజినీ బయటే ఉంచితే అదే శక్తి జాయింటును విడదీయడానికి పనిచేస్తుంది.

లోపలి వాషరు వల్ల ఇంకో లాభం ఉంది. మజ్జిగ లాంటి వాటికి ఇదే ముఖ్యమని మా అభిప్రాయం. వాషరు బయట ఉంటే రంధ్రం అంచు, త్రెడ్ (మర) సందులు ఎప్పుడూ మజ్జిగతో నిండి ఉంటాయి. ఎంత కడిగినా అక్కడికి నీళ్లు చేరవు. రేపటి మజ్జిగను పులియబెట్టే తోడు ఆ సందుల్లోనే తయారవుతుంది. వాషరు లోపల ఉంటే రంధ్రం పొడిగానే ఉంటుంది.

గుండ్రటి గోడ, చదును ఫ్లాంజి

ఎక్కువమంది లెక్కలోకి తీసుకోని సంగతి ఇది. డ్రమ్ము గోడ వంపు తిరిగి ఉంటుంది, బుష్ ఫ్లాంజి చదునుగా ఉంటుంది. 57 సెంటీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ముకు 50 మి.మీ. ఫ్లాంజి ఆనిస్తే 1.1 మి.మీ. సందు మిగులుతుంది. 40 మి.మీ. ఫ్లాంజికైతే 0.7 మి.మీ. మాత్రమే. 28 సెంటీమీటర్ల వ్యాసమున్న చిన్న క్యానుకు 50 మి.మీ. ఫ్లాంజి పెడితే సందు 2.2 మి.మీ. దాకా పోతుంది. 2 మి.మీ. మందం వాషరు ఆ సందును ఎంత బిగించినా పూడ్చలేదు. అంటే పెద్ద ఫ్లాంజి గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకం వంపు గోడ మీద తప్పుతుంది.

సందు ఎటువైపు వస్తుందో కూడా తెలిసి ఉండాలి. గోడ లోపలివైపు ఫ్లాంజి కుడి, ఎడమ అంచులు ముందు తగులుతాయి, నిట్టనిలువుగా మధ్యలో సందు మిగులుతుంది. గోడ బయట దీనికి తిరగబడి, మధ్య గీత తగిలి కుడి ఎడమల్లో ఎడం వస్తుంది. లోపలి వాషరును తీసి చూసినప్పుడు పక్కల నొక్కుడు గుర్తు లోతుగా, పైనా కిందా అసలు గుర్తే లేకుండా కనిపిస్తే లీకుకు కారణం దొరికినట్టే.

అందుకని 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు మేం సిఫారసు చేసే కొలతలివి. లోపలి ఫ్లాంజి వ్యాసం 40 మి.మీ., మందం 5 మి.మీ. బుష్ బయటి త్రెడ్ ముప్పావు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ గొట్టాల కొలత) సమాంతర త్రెడ్ (పొడవునా ఒకే వ్యాసం ఉన్నది), అంటే బయటి వ్యాసం 26.44 మి.మీ. గోడకు రంధ్రం 27 మి.మీ. బుష్ లోపలి త్రెడ్ కుళాయి కోసం అర అంగుళం. ఈ రెండు త్రెడ్‌ల మధ్య మిగిలే గోడ 1.6 మి.మీ. లోపే, స్టెయిన్‌లెస్ స్టీలుకు అది చాలు. ప్లాస్టిక్ బుష్ అయితే పగులుతుంది. దానికి బయటి త్రెడ్ ఒక అంగుళం పెట్టి, ఫ్లాంజిని 46 మి.మీ.కు పెంచి, రంధ్రం 34 మి.మీ. కొట్టాలి. వాషరు 4 మి.మీ. మందం, షోర్ ఏ (రబ్బరు గట్టిదనం కొలిచే స్కేలు) మీద 40 దగ్గర మెత్తదనం ఉన్న సిలికాన్ షీటు. బయటివైపు నట్టు కింద 50 మి.మీ. స్టెయిన్‌లెస్ వాషరు ఒకటి. అది లీకు ఆపడానికి కాదు, గ్లాసు ఆనించి కుళాయిని నొక్కే చేతుల బరువును గోడ మీద పరచడానికి.

బిగించే పద్ధతి

రంధ్రం మధ్యబిందువు డ్రమ్ము అడుగుకు కనీసం 60 మి.మీ. పైన ఉండాలి. అంతకంటే కిందికి పోతే అడుగు వంపు మొదలై ఫ్లాంజి ఆనదు, పైగా అడుగున చేరిన మడ్డి కుళాయిలోకి వస్తుంది. అచ్చు గీత, గట్టు గీత ఉన్నచోట రంధ్రం కొట్టకూడదు. హోల్‌సాను (గుండ్రటి రంధ్రం కోసే రంపాన్ని) నెమ్మదిగా, తక్కువ వేగంతో తిప్పాలి. వేగం పెరిగితే ప్లాస్టిక్ కరిగి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అంచున మిగిలిన పొరలను బ్లేడుతో గీకేసి, లోపలి గోడను వేలితో తడిమి చూడాలి. గోరుకు తగిలే గీత ఉంటే వాషరు కింద అది కాలువ అవుతుంది. 400 నంబరు ఎమరీ కాగితంతో గుండ్రంగా రుద్దాలి, నిలువుగా కాదు.

పైన మూత మొత్తం తెరుచుకునే డ్రమ్ములో చెయ్యి పెట్టి బుష్ దూర్చవచ్చు. పైన రెండంగుళాల బిరడా మాత్రమే ఉన్న డ్రమ్ములో ఎలా? కుళాయి రంధ్రంలోంచి ఒక పురికొస లోపలికి పంపి, కొస బిరడా కన్నంలోంచి పైకి లాగండి. వాషరు తొడిగిన బుష్‌ను ఆ కొసకు గుచ్చి, ఫ్లాంజి వెనకాల ముడి వేసి, లోపలికి జారవిడిచి, కింది రంధ్రంలోంచి బయటికి లాగితే బుష్ తానే వచ్చి కూర్చుంటుంది. 46 మి.మీ. ఫ్లాంజి అయినా రెండంగుళాల కన్నంలోంచి పడుతుంది. నట్టు బిగించేటప్పుడు బుష్ తిరగకుండా ఉండాలంటే దాని బయటి కొసన ఎదురెదురుగా రెండు గాట్లు పెట్టించాలి. ఆటోనగర్‌లో ఏ లేతు షాపువాళ్లకైనా పది నిమిషాల పని అది. ఆ గాట్లలో చదును పట్టీ ఆనించి పట్టుకుని, నట్టును పానాతో తిప్పాలి.

ఎంత బిగించాలి? చేతి వేళ్లతో బిగిసిన దగ్గర్నుంచి ముప్పావు అంగుళం నట్టుకు ఇంకో మూడింట రెండు వంతుల చుట్టు. ఈ త్రెడ్‌కు అంగుళానికి 14 చుట్లు, అంటే ఒక చుట్టుకు 1.81 మి.మీ. మూడింట రెండు వంతులకు 1.2 మి.మీ. 4 మి.మీ. వాషరు పక్కల్లో 30 శాతం నలుగుతుంది, వంపు సందు 0.7 మి.మీ. పోగా పైనా కిందా కూడా 12 శాతం నలుగుడు మిగులుతుంది. అంతకు మించి తిప్పితే రబ్బరు పక్కకు ఉబికి జారిపోతుంది. బిగింపు ఎక్కువై లీకు మొదలయ్యేది ఇలాగే.

24 గంటల తర్వాత ఒకసారి మళ్లీ చూడాలి. హెచ్‌డీపీఈ, అంటే ఈ డ్రమ్ములు చేసే ప్లాస్టిక్, నొక్కుడు కింద మెల్లగా ఒదిగిపోతుంది. దానికి తోడు వేడికి వ్యాకోచించడంలో స్టీలుకు దాదాపు తొమ్మిది రెట్లు ఉంటుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు మారితే 27 మి.మీ. రంధ్రం 0.1 మి.మీ. మారుతుంది, స్టీలు బుష్ 0.01 మాత్రమే. పగలు ఎండ, రాత్రి చల్లదనం, మధ్యాహ్నం ఐసు మజ్జిగ, ఈ మూడింటి మధ్య ఆ జాయింటు రోజూ ఊపిరి తీస్తున్నట్టే. ఎపాక్సీ ముద్ద రెండు రోజుల్లో ఊడేది అందుకే: గట్టిపడ్డ పదార్థం కదలలేదు, పైగా హెచ్‌డీపీఈకి ఏ జిగురూ సరిగ్గా అంటదు. మెత్తటి రబ్బరు ఆ కదలికతో పాటు కదులుతుంది.

బుష్ నుంచి కుళాయికి

రెండో జాయింటులో పొరపాటు ఎక్కువగా త్రెడ్ జాతి దగ్గర జరుగుతుంది. మన దగ్గర దొరికే నీళ్ల సామాను బీఎస్‌పీ. దిగుమతి అయిన కొన్ని పానీయాల కుళాయిలు ఎన్‌పీటీ (అమెరికా కొలత). అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే కాబట్టి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి, సరిపోయిందనిపిస్తుంది. కానీ బీఎస్‌పీ కోణం 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. పళ్ల మధ్య సన్నటి మెలిక దారి మిగిలి, ఆ దారిన చుక్క తిరుగుతూ తిరుగుతూ బయటికొస్తుంది. టేపు ఎంత చుట్టినా కొద్దిరోజులే.

టేపు పని ఏమిటో కూడా తేల్చుకుందాం. కొసకు పోయే కొద్దీ సన్నబడే త్రెడ్‌లో పళ్లే ఒకదాన్నొకటి ఒరుసుకుని సీలు అవుతాయి, టేపు అక్కడ మిగిలిన సందు నింపుతుంది. మూడు నాలుగు చుట్లు చాలు, బిగించే దిశలోనే చుట్టాలి, మొదటి పన్ను వదిలేసి మొదలుపెట్టాలి, లేకపోతే పోగులు తెగి సీటులో ఇరుక్కుంటాయి. ఒకసారి బిగించాక నోరు నిటారుగా రాలేదని వెనక్కి తిప్పితే సీలు పోయినట్టే, విప్పి మళ్లీ చుట్టాలి. సమాంతర త్రెడ్‌కు టేపు సరిపడదు. ఆ త్రెడ్ పట్టుకోవడానికే ఉంది, లీకు ఆపేది ఓ-రింగు (గాడిలో కూర్చునే రబ్బరు రింగు). రోజూ విప్పి కడగాల్సిన మజ్జిగ కుళాయికి మా ఓటు సమాంతర త్రెడ్, ఓ-రింగు జోడీకే. 3.5 మి.మీ. మందం ఓ-రింగుకు గాడి లోతు 2.65, వెడల్పు 4.7 మి.మీ. అప్పుడు రింగు 24 శాతం నలిగి, గాడిలో మూడొంతులు నిండుతుంది. మిగతా చోటు ఖాళీగా ఉండాలి, ఎందుకంటే రబ్బరు ఆకారం మార్చుకుంటుందే గానీ ఘనపరిమాణం తగ్గదు. గాడి నిండిపోతే రింగు అంచున తెగుతుంది.

కుళాయి రకానికొస్తే, టీ క్యాన్లకు పెట్టే స్ప్రింగు పిడి కుళాయి మజ్జిగకు ఉత్తమం. దాని లోపల సిలికాన్ టోపీ ఒకటి ఉంటుంది. కింద సీటును మూసేదీ, పైన కడ్డీ దారిని మూసేదీ అదే. అందుకే కడ్డీ పక్కనుంచి కారే దారే ఉండదు, మూత విప్పితే మొత్తం చేతికొస్తుంది. బాల్ వాల్వు చూడటానికి దిట్టంగా ఉన్నా, మూసినప్పుడు బంతి చుట్టూ, బంతి కన్నంలో కొంత పానీయం చిక్కుకుపోతుంది. నీళ్లకు పర్వాలేదు, మజ్జిగకు వద్దు. కరివేపాకు ముక్క, మిరపగింజ సీటు మీద పడితే ఏ కుళాయైనా కారుతుంది. బుష్ లోపలి కొసకు 1 మి.మీ. కన్నాల స్టెయిన్‌లెస్ జల్లెడ గొట్టం తగిలించడం ఒక్కటే దానికి విరుగుడు.

కుళాయి లోపలి కన్నం 12 మి.మీ. చాలు. డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు 200 మి.లీ. గ్లాసు సెకనులోపు నిండుతుంది, అడుగున 10 సెంటీమీటర్లు మిగిలినప్పుడు రెండు సెకన్లు పడుతుంది.

మూత బిగిస్తే కుళాయి కారుతుంది

ఇది నమ్మబుద్ధి కాదు గానీ లెక్క చూడండి. ఉదయం 28 డిగ్రీల దగ్గర గాలి చొరబడకుండా మూత బిగించిన డ్రమ్ము మే నెల ఎండలో 48 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. లోపలి గాలి వ్యాకోచం, నీటి ఆవిరి కలిసి, డ్రమ్ము ఉబ్బకపోతే, సుమారు 0.14 బార్ ఒత్తిడి పెంచుతాయి. ద్రవం బరువు వల్ల వచ్చేది 0.08 మాత్రమే. అంటే కుళాయి సీటు మీద భారం రెండున్నర రెట్లు దాటుతుంది. బలహీనమైన స్ప్రింగు అప్పుడే వదిలేస్తుంది. రాత్రి చల్లబడ్డాక లోపల ఒత్తిడి తగ్గి, కుళాయి మూతి దగ్గరి దుమ్మునూ చీమల్నీ లోపలికి పీల్చుకుంటుంది. మూతకు 6 మి.మీ. గాలి కన్నం, దానికి సన్నటి జాలీ పెడితే రెండు బాధలూ తీరతాయి. 3 మి.మీ. కన్నం చాలదు, కుళాయి పూర్తిగా తెరిస్తే గాలి అందక ధార సన్నబడుతుంది.

గ్యాసున్న పానీయాల సంగతి పూర్తిగా వేరు. ద్రవానికి రెండున్నర రెట్ల ఘనపరిమాణం కార్బన్ డయాక్సైడు కరిగి ఉంటే 4 డిగ్రీల దగ్గర 0.8 బార్, 20 డిగ్రీల దగ్గర 1.9 బార్ ఒత్తిడి ఉంటుంది, విశాఖ మధ్యాహ్నం అంతకంటే ఎక్కువ. వాటిని ప్లాస్టిక్ డ్రమ్ములో నింపకూడదు. 57 సెంటీమీటర్ల మూత మీద 0.2 బార్ పడితేనే 500 కిలోలకు పైగా బలం. ఆ పని ఒత్తిడిని తట్టుకునే స్టెయిన్‌లెస్ పీపాలు, అంటే కెగ్గులది, వాటికి కుళాయిని కలిపే సొంత కప్లర్లది. ఇదే కారణంగా లీకు పరీక్షకు కంప్రెసర్ గాలి పెట్టవద్దు.

చెక్క పీపాలకు రబ్బరు వాషరు బదులు చెక్క ఉబ్బుదలే సీలు. తడిస్తే చెక్క నారకు అడ్డంగా ఉబ్బి, కొస సన్నబడిన కుళాయిని బిగబడుతుంది. అందుకని రంధ్రం ఒక పలక నడిమధ్యన కొట్టాలి, రెండు పలకల అతుకు మీద పడితే కుళాయి దిగ్గొట్టగానే విడిపోతుంది. ఎండిన పీపాను నింపే ముందు ఒకటి రెండు రోజులు నీళ్లలో నాననివ్వాలి. మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర లేతు మీద నున్నగా తిరుగుతుంది గానీ, లక్క పూత ఆల్కహాల్‌లో కరుగుతుంది. పానీయం తగిలే భాగానికి తేనెమైనం మేలు.

ఏది తాకాలి, ఏది తాకకూడదు

కళాయి పూత లేని ఇత్తడి కుళాయి మజ్జిగకూ నిమ్మరసానికీ పనికిరాదు, పులుపుకు రాగి కరుగుతుంది. స్టెయిన్‌లెస్‌లో 304 రకం సాధారణంగా చాలు. ఉప్పు మజ్జిగ రోజూ నిలవుండే చోట, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 తీసుకోండి, లేకపోతే చిన్న చిన్న గుంటలు పడి ఓ-రింగు కిందే లీకు మొదలవుతుంది. స్ప్రింగు కూడా స్టెయిన్‌లెస్సేనా అని విప్పి చూడాలి. సైకిలు ట్యూబు కత్తిరించి వాషరు చేయడం దయచేసి మానండి. ఆ నల్ల రబ్బరు ఆహారానికి తయారైంది కాదు, వాసన మజ్జిగలోకి దిగుతుంది. మజ్జిగకు ఫుడ్ గ్రేడ్ సిలికాన్, నీళ్లకు ఈపీడీఎం రబ్బరు. నిమ్మతొక్క నూనె రెండింటినీ ఉబ్బిస్తుంది కాబట్టి నిమ్మకాయల్ని తొక్కతో సహా నలిపి డ్రమ్ములో వేయకూడదు. డ్రమ్ము ఆహారానికి వాడే పాలిథిలీన్‌ది కావాలి, దాని ప్రమాణం ఐఎస్ 10146. రసాయనాలు వచ్చిన పాత డ్రమ్ము చవగ్గా దొరికినా, ఎంత కడిగినా వద్దు. ప్లాస్టిక్ వాటిని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతుంది.

రోజు ముగిశాక కుళాయి విప్పి వేడినీళ్లతో కడిగి, లీటరు నీటికి 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రవం) 4 మి.లీ. కలిపిన ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో జాడించాలి. రాత్రంతా అందులో వదిలేస్తే స్టెయిన్‌లెస్ కూడా తింటుంది.

పరీక్షకు నీళ్లు నింపి, బయటంతా పొడిగా తుడిచి, మూడు చోట్ల టిష్యూ కాగితం చుట్టండి: నట్టు కింద, బుష్ కుళాయి కలిసే చోట, కుళాయి మూతికి. 24 గంటలు వదిలేయండి. మధ్యమధ్యలో చూస్తూ ఏది ముందు తడిసిందో గుర్తుపెట్టుకోండి. నట్టు దగ్గరిది తడిస్తే లోపలి వాషరు తీసి నొక్కుడు గుర్తు చూడాలి. మధ్యది తడిస్తే ఓ-రింగు, లేదా త్రెడ్ జాతి. మూతి దగ్గరిది ఒక్కటే తడిసి పై రెండూ పొడిగా ఉంటేనే కుళాయి విప్పండి, అప్పుడు కూడా ముందు సీటు మీద కరివేపాకు ఉందేమో చూసి.